పోయవలసినది ఒకటి – పోసినది మరొకటి

పెండ్లికో, తిరుపతి యాత్రకో, స్వగ్రామములో అమ్మవారి జాతరకో బయలుదేరునప్పుడు మన కుటుంబములవారు సామాను సర్దుటలో చూపే శ్రద్ధ బండికి ఇంధనము పోయించుటలో చూపరు. పులిహోర పొట్లము ఇంటివద్ద మరచిపోతే దారి పొడుగునా దెప్పుళ్లు తప్పవు. పెట్రోలు బంకు దగ్గర మాత్రము ఒకరు కునుకు తీస్తుంటారు, ఒకరు ఫోనులో మాటలాడుతుంటారు, ఒకరు పిల్లవానికి నీళ్లు త్రాగిస్తుంటారు. డ్రైవరు అద్దము దించి “ఫుల్” అంటాడు. ఆ ఒక్క మాటతో పని సరి. ట్యాంకులో ఏది నిండినదని అడిగేవారుండరు.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేదు. కారంటే పెట్రోలు, లారీ అంటే డీజిలు అని పిల్లలకు సైతము తెలిసిన సంగతి. ఇప్పుడట్లు కాదు. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ఆకారము గల కార్లలో ఒకటి పెట్రోలుతో నడుస్తుంది, ఇంకొకటి డీజిలుతో నడుస్తుంది. పైగా అద్దె బండ్లు, బావమరిది వద్ద అరువు తెచ్చిన బండ్లు, నెలకొక డ్రైవరు మారే ఆఫీసు బండ్లు. బండి ఒకరిది, నడుపువాడు ఒకడు, పోయువాడు మరొకడు. ముగ్గురిలో ఎవరి మనస్సు ఎక్కడ ఉన్నా పొరపాటుకు అది చాలును.

నేను మెకానిక్కును కాను. ఆఫీసులో బండ్ల లాగ్ పుస్తకము, ఇంధనపు బిల్లులు చూచే గుమాస్తాను. ఆ బిల్లుల వెనుక వచ్చే షెడ్డు బిల్లులు చూచి, ఇంత సొమ్ము ఎందుకైనదని మెకానిక్కులను అడిగి తెలిసికొన్న సంగతులు కొన్ని మన సంఘ కుటుంబములకు పనికివస్తాయని వ్రాస్తున్నాను.

రెండు ఇంజన్లు – రెండు స్వభావములు

జర్మనీ దేశములో నికొలాస్ ఆటో అనే ఆయన 1876లో నేటి పెట్రోలు ఇంజనుకు మూలమైన యంత్రమును నడిపి చూపించినాడు. అదే దేశములో రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున తన పేరిట నిలిచిపోయిన ఇంజనును లోకమునకు చూపించినాడు. బయటికి రెండూ అన్నదమ్ములవలె కనపడుతాయి. లోపలి నడవడి మాత్రము ఉత్తర దక్షిణములు.

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసి లోనికి పోతాయి. ఆ మిశ్రమమును సుమారు పదవ వంతుకు అదిమి, సరియైన క్షణమున ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. అప్పుడే మండవలెను. అంతకు ముందు తనంతట తాను అంటుకొనరాదు. కావున పెట్రోలుకు ఉండవలసిన మంచి గుణము ఓర్పు. ఆ ఓర్పును ఆక్టేను సంఖ్యతో కొలుస్తారు. మన దేశములో సాధారణ పెట్రోలుకు అది ఇంతకు తగ్గరాదని ప్రమాణము కలదు.

డీజిలు ఇంజనులో ప్లగ్గు నిప్పు లేదు. గాలిని ఒంటరిగా పదహారవ వంతుకో, ఇంకా తక్కువకో అదుముతారు. సైకిలు పంపు గట్టిగా కొట్టినప్పుడు దాని అడుగు వేడెక్కుట మనమందరము ఎరిగినదే. ఆ విధముగానే ఇక్కడ గాలి ఐదువందల డిగ్రీలు దాటి కాగిపోతుంది. ఆ కాగిన గాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే తానే భగ్గుమంటుంది. కాబట్టి డీజిలుకు ఉండవలసిన గుణము ఓర్పు కాదు, చురుకు. దానిని సీటేను సంఖ్యతో కొలుస్తారు. అది 51కి తగ్గరాదని మన ప్రమాణము.

ఒకదానికి గుణమైనది రెండవదానికి దోషము. అసలు చిక్కంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

మరొక భేదము కూడ కలదు. డీజిలు జిడ్డుగలది, నూనె జాతిది. 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించినారు. పెట్రోలు స్వభావము దీనికి విరుద్ధము. అది జిడ్డును కడిగివేస్తుంది. చొక్కాకు అంటిన గ్రీసు మరకను పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి పోగొట్టుట పాత అలవాటే. చొక్కాకు మేలు చేసే ఆ గుణమే డీజిలు పంపుకు ప్రాణాంతకము.

డీజిలు బండిలో పెట్రోలు పోస్తే

ఎక్కువ నష్టము కలిగించే పొరపాటు ఇదే.

నేటి డీజిలు కార్లలో ఇంధనమును చిమ్ముటకు పెద్ద పంపు, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఇంజెక్టరు ఉంటాయి. కారు చక్రములో మనము కొట్టించే గాలి వత్తిడి వాతావరణపు వత్తిడికి సుమారు రెండింతలు. ఈ పంపు డీజిలును పదిహేనువందల ఇంతలకు, కొన్ని బండ్లలో రెండువేల ఇంతలకు అదుముతుంది. దానిలోని భాగములు ఒకదానిలో ఒకటి వెండ్రుక మందములో పదవ వంతు సందు కూడ లేకుండ ఇమిడి కదలుతుంటాయి. వాటికి వేరే ఇంజనాయిలు లేదు. వాటి గుండా పోయే డీజిలే వాటికి కందెన.

అక్కడికి పెట్రోలు చేరితే ఆ జిడ్డు పొర కడుగుకొనిపోతుంది. లోహముతో లోహము ఒరసికొని సన్నని రజను రాలుతుంది. ఆ రజను పంపులో ఆగిపోదు. గొట్టముల వెంట ఇంజెక్టర్లలోనికి, మిగులు ఇంధనముతో తిరిగి ట్యాంకులోనికి ప్రయాణము చేస్తుంది. అందువలననే పంపు ఒకటి మార్చితే చాలదని షెడ్డువారు చెప్పుట. పంపు, ఇంజెక్టర్లు, గొట్టములు, ఫిల్టరు, ట్యాంకు శుద్ధి, ఇవన్నీ కలిసి బిల్లు లక్ష దాటిన సందర్భములు అరుదు కావు.

బండి మనకు సూచనలు ఇస్తుంది. మొదట గొట్టములలో మిగిలిన మంచి డీజిలుతో కొంత దూరము మామూలుగానే పోతుంది. తరువాత ఇంజనులో టకటకమని శబ్దము, ఎక్కుడులో బలము తగ్గుట, పొగ, కుదుపు. చివరకు ఆగిపోతుంది. మరల తాళము త్రిప్పి త్రిప్పి బలవంతముగా నడిపింపజూచుట పుండుమీద కారము చల్లుటయే.

“కొంచెము కలిసితే ఏమగును? పై నుండి డీజిలు నింపి పోనీయి” అని సలహా చెప్పే పెద్దలుంటారు. వారి మాట వట్టిది కాదు, పాతది. వెనుకటి డీజిలు ఇంజన్లు తక్కువ వత్తిడితో పనిచేసెడివి, కొంత ఓర్చుకొనెడివి. చలిదేశములలో డీజిలు గడ్డకట్టకుండ కొద్దిగా కిరసనాయిలో, పెట్రోలో కలిపే అలవాటు కూడ ఉండెడిది. నేటి పంపులకు ఆ ఓర్పు లేదు. తాతగారి అంబాసిడరుకు చెల్లిన వైద్యము మనుమని కారుకు చెల్లదు.

ఇంకొక భ్రమ ఏమనగా, పెట్రోలు తేలిక గనుక పైన తేలుతుంది, అడుగున డీజిలే అందుతుంది అనుట. నీళ్లు, నూనె వలె ఇవి వేరుపడవు. పాలలో నీళ్ల వలె కలిసిపోతాయి.

పెట్రోలు బండిలో డీజిలు పోస్తే

ఇది అంతటి ఉపద్రవము కాదు గాని తేలికగా తీసికొనదగినదీ కాదు. డీజిలు సులభముగా ఆవిరి కాదు. ప్లగ్గులు తడిసి మసిపట్టుతాయి. బండి దగ్గుతుంది, తెల్లని పొగ కక్కుతుంది, ఆగిపోతుంది. మండని డీజిలు సిలిండరు గోడల వెంట జారి ఇంజనాయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది. పొగ గొట్టములో విషవాయువులను విరిచే సాధనము ఒకటి ఉంటుంది. మండని ఇంధనము అక్కడ చేరి మండితే అది చెడిపోతుంది. దాని వెల కూడ తక్కువ కాదు. వెంటనే ఆపితే ట్యాంకు ఖాళీ చేసి, గొట్టములు కడిగి, ప్లగ్గులు తుడిచి లేక మార్చి, ఇంజనాయిలు మార్చుటతో చాలవరకు బయటపడవచ్చును. స్కూటర్లకు, మోటారు సైకిళ్లకు ఇదే వర్తిస్తుంది.

సరియైన పెట్రోలు పోసి కూడ ఇంజను చెడగొట్టుకొన్న కాలము ఒకటి ఉండెడిది. మైసూరులో 1961 నుండి 1996 వరకు తయారైన జావా, యెజ్డీ మోటారు సైకిళ్లు రెండు స్ట్రోకుల బండ్లు. వాటికి పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. మరచితే పిస్టను బిగిసికొనిపోయెడిది. ఆ బండ్లను ఇప్పటికీ ముద్దుగా దాచుకొన్న ఇండ్లలో పిల్లలకు ఈ సంగతి చెప్పి ఉంచవలెను.

నీలి మూత సంగతి

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో భారత్ స్టేజి ఆరవ మెట్టు నియమములు అమలైనవి. అప్పటి నుండి చాల డీజిలు బండ్లకు రెండవ చిన్న ట్యాంకు, సాధారణముగా నీలి మూతతో, వచ్చినది. అందులో పోసేది ఇంధనము కాదు. నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన శుద్ధజలము. పొగలోని చెడు వాయువులను విరుచుటకు దానిని పొగ గొట్టములో చిమ్ముతారు. దీనిని డీజిలు ట్యాంకులో పోస్తే పెట్రోలు కంటె ఎక్కువ హాని. నీరు తుప్పు పట్టిస్తుంది, యూరియా పలుకులు కట్టి ఫిల్టరును, ఇంజెక్టర్లను మూసివేస్తుంది. డీజిలును నీలి మూతలో పోసినా ఆ యేర్పాటంతయు చెడిపోతుంది. ఇంటిలో పొలము ఎరువు యూరియా ఉన్నది గదా అని నీళ్లలో కలిపి పోయుట అసలే కూడదు.

కల్తీ అనే బుద్ధిపూర్వకమైన పొరపాటు

ఇంతవరకు చెప్పినది తెలియక జరిగేది. తెలిసి చేసేది కల్తీ. రేషను కిరసనాయిలు ధర డీజిలు ధర కంటె చాల తక్కువగా ఉన్న రోజులలో అది రాత్రికి రాత్రి బంకు ట్యాంకులలో చేరెడిది. పెట్రోలులో కిరసనాయిలు కలిసితే ఇంజను తట్టుతుంది, మసి పేరుతుంది. డీజిలులో కలిసితే కందెన గుణము తగ్గి పంపు అరుగుతుంది. బండి మన కళ్ల ముందు ఆగిపోదు గనుక మనకు తెలియదు. ఆయుర్దాయము మాత్రము తగ్గుతుంది.

ఈ కల్తీకి ఒక నిండు ప్రాణము బలియైనది. కోలారు బంగారు గనుల ఊరిలో పెరిగిన మంజునాథ్ షణ్ముగం మైసూరులో ఇంజనీరింగు, లక్నోలో ఐ.ఐ.ఎం. చదువు ముగించి ఇండియన్ ఆయిల్ కార్పొరేషనులో అధికారిగా చేరినాడు. ఉత్తర ప్రదేశములోని లఖింపూర్ ఖీరీ జిల్లాలో కల్తీ అమ్ముతున్న బంకును మూయించినాడు. తరువాత మరల తనిఖీకి పోయినాడు. 2005 నవంబరు 19న ఆయనను కాల్చి చంపినారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు. 2015లో సుప్రీము కోర్టు ఆరుగురు దోషుల యావజ్జీవ శిక్షను ఖాయపరచినది. కోలారు గనుల ఊరు మన తెలుగువారికి కొత్తది కాదు. ఆ వీధులలో తిరిగిన యువకుడు మనము ఎన్నడు చూడని బండ్ల ఇంజన్ల కొరకు, అనగా మనవంటి కొనుగోలుదారుల కొరకు, ప్రాణమిచ్చినాడు. బిల్లు అడుగుటకు మొగమాటపడే మనము అప్పుడప్పుడు ఆయనను తలచుకొనుట న్యాయము.

బంకులో పరీక్ష అడుగుట మన హక్కు. పెట్రోలు విషయములో ఫిల్టరు కాగితము ఇమ్మని అడుగవచ్చును. నోజిలు కొన తుడిచి కాగితముపై ఒక చుక్క వేస్తే రెండు మూడు నిమిషములలో ఆవిరైపోవలెను. మరక మిగిలితే అనుమానింపవలసినదే. సాంద్రత చూపుమని, కొలతపై అనుమానముంటే ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్రతో కొలచి చూపుమని కూడ అడుగవచ్చును.

ఇక పెట్రోలులో ఇథనాలు కలుపుట కల్తీ కాదు, ప్రభుత్వ విధానము. 2025 నాటికి అది నూటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలులో శక్తి పెట్రోలు కంటె సుమారు మూడవ వంతు తక్కువ గనుక మైలేజి కొంత తగ్గుతుంది. అది తేమను పీల్చుకొంటుంది. పాత బండ్ల రబ్బరు గొట్టములు దానికి అలవాటుపడినవి కావు. కాబట్టి పాత స్కూటరు ఉన్నవారు గొట్టములను, వాషర్లను అప్పుడప్పుడు చూపించుకొనవలెను. బండిని నెలల తరబడి కదపక నిలిపి ఉంచరాదు.

నష్టము ఎవరు భరించవలెను?

కొన్ని సంవత్సరముల క్రిందట మా ఆఫీసు అద్దెకు తీసికొన్న డీజిలు బండికి కొత్త డ్రైవరు వచ్చినాడు. అంతకు ముందు పెట్రోలు కారు నడిపినవాడు. బంకులో “ఫుల్” అన్నాడు. ఏది కావలెనో చెప్పలేదు, కుర్రవాడు అడుగలేదు. ట్యాంకు తలుపు మీద “డీజిల్” అనే చీటీ ఎప్పుడో ఊడిపోయినది. ఆరేడు కిలోమీటర్లు పోయిన తరువాత బండి ఆగినది. షెడ్డు బిల్లు డ్రైవరు నెల జీతమునకు ఎన్నో రెట్లు. బంకువారు డ్రైవరుదే తప్పన్నారు. యజమాని అవునన్నాడు. చీటీ అంటించని యజమానిని ఎవరూ అడుగలేదు. ఎనిమిది నెలలపాటు ఆ మనిషి జీతములో కోత పడినది. ఆ సంవత్సరము అతడు తన కూతురును కాలేజీలో చేర్పించలేకపోయినాడని విన్నాను. ముగ్గురి అజాగ్రత్తకు ఒక్కరి ఇంటిలో దీపము తగ్గినది.

దీనికి ఎదురుగా మరొక ఉదంతము గలదు. అమెరికాలో బాబ్ హూవర్ అనే ప్రసిద్ధ వైమానికుని చిన్న విమానములో 1978లో పెట్రోలు జాతి ఇంధనమునకు బదులు కిరసనాయిలు జాతికి చెందిన జెట్ ఇంధనము పోసినారు. పైకి లేచిన కొద్దిసేపటికే ఇంజన్లు ఆగిపోయినవి. ఆయన నేర్పుతో దించినందున ప్రాణములు దక్కినవి, విమానము మాత్రము పాడైనది. హూవర్ తిరిగి వచ్చి, ఇంధనము పోసి కుమిలిపోతున్న యువకుని భుజముపై చేయి వేసి, మరునాడు తన ఇంకొక విమానమునకు నీవే ఇంధనము పోయవలెనని చెప్పినాడు. ఈ పొరపాటు మరల ఎన్నడు చేయనివాడు ఆ యువకుడే అని ఆయన నమ్మకము. అంతటితో ఊరుకొనక, జెట్ ఇంధనపు నోజిలు చిన్న విమానముల ట్యాంకు మూతిలో దూరనంత వెడల్పుగా చేయించుటకు పాటుపడినాడు. ఆ నోజిలు నేటికీ ఆయన పేరుతో పిలువబడుతున్నది.

తప్పు చేసినవానిని దండించుట ఒక పద్ధతి. తప్పు జరిగే సందును మూయుట మరొక పద్ధతి. రెండవదే రేపటి బండిని కాపాడుతుంది.

చేయవలసిన పనులు

పొరపాటు బంకులోనే తెలిస్తే తాళము త్రిప్పరాదు. కొన్ని కార్లలో తాళము సగము త్రిప్పగానే ఇంధనపు పంపు పని మొదలుపెట్టుతుంది. గేరు న్యూట్రలులో పెట్టి, బంకువారి సాయముతో ప్రక్కకు నెట్టించవలెను. దారిలో తెలిస్తే వెంటనే ప్రక్కకు తీసి ఆపివేయవలెను. “ఇంకొక్క కిలోమీటరు” అనే ఆశయే బిల్లును పెంచేది.

ట్యాంకును తెలిసినవారిచేతనే ఖాళీ చేయించవలెను. పెట్రోలు కలిసిన డీజిలు పెట్రోలంత తొందరగా అంటుకొంటుంది. ఇంటి ముందు రబ్బరు గొట్టము పెట్టి నోటితో లాగుట, కాలువలో పారబోయుట, వంటకు వాడే కిరసనాయిలు డబ్బాలో నింపుట – ఈ మూడూ ప్రాణముతో చెలగాటములే.

బిల్లు తప్పక తీసికొనవలెను. దానిపై ఏ ఇంధనము పోసినదీ వ్రాసి ఉంటుంది. తగవు వస్తే అదే సాక్ష్యము. వినియోగదారుల సహాయమునకు 1915 అనే ఫోను నంబరు కలదు. ఇన్సూరెన్సు విషయములో ముందే పాలసీ కాగితము చదువవలెను. మామూలు పాలసీలో యంత్రపు చెడుపు సాధారణముగా చేరదు. దారి సహాయము, ఇంజను రక్షణ అను అనుబంధములలో కొన్ని కంపెనీలు కొంతవరకు చేర్చుతాయి.

బంకులో పైపు రంగును నమ్మరాదు, అక్షరములను నమ్మవలెను. “ఫుల్” అనక, “డీజిలు, వెయ్యి రూపాయలు” అని ఇంధనము పేరు ముందు చెప్పవలెను. కుర్రవాడు మరల చెప్పేవరకు చూడవలెను. మీటరు పెట్టె మీద పేరు చదువుట ఇంటి పిల్లలకు అప్పగిస్తే వారు ఉత్సాహముతో చేస్తారు. పెద్దల కన్ను తప్పినా వారి కన్ను తప్పదు.

చివరిగా ఒక చిన్న మనవి. మన ఇండ్లలో మాటలాడేది తెలుగైనా, బండికి ఇంధనము పోసే కుర్రవాడు చదివేది బెంగుళూరులో కన్నడము, కోయంబత్తూరులో తమిళము, బరంపురములో ఒడియా, షోలాపూరులో మరాఠీ. ట్యాంకు తలుపు లోపలివైపున ఇంధనము పేరును ఆ ఊరి లిపిలో పెద్ద అక్షరములతో వ్రాసి అంటించండి. దాని క్రింద తెలుగులోనూ వ్రాయండి. చీటీ ఊడిపోతే మరల అంటించండి. పది రూపాయలు కాని ఈ పనివలన మన లక్ష రూపాయలే కాక, ఎండలో నిలబడి పోసే ఆ కుర్రవాని నెల జీతము కూడ నిలుస్తుంది.